ఇంటి గుమ్మం దాటని కెమెరా

(శృంగవరపుకోటలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి డిసెంబరు 17వ తేదీన మనం ఇలా కలుసుకోవడానికి కారణం మీకు తెలిసినదే. 1982లో ఆ రోజున నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మనం చేసిన సేవకు మనకు రావలసినదని. ఆ విషయమూ, కరువు భృతి బకాయిల విషయమూ నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ సవిస్తరంగా చెప్పారు. నేను నాలుగోవాణ్ణి లేచి అదే చెబితే భోజనాలు చల్లారిపోతాయి. కార్యదర్శి గారు నన్ను ముందే హెచ్చరించారు, "మీరు బకాయిల జోలికి పోకండి, మీ ఫోటోల సంగతి చెప్పండి" అని. అందుచేత ఆ సంగతే చెబుతాను.

నేను ఫోటోగ్రాఫరును కాను. 1971లో ఖజానా శాఖలో గుమాస్తాగా చేరి, 2007లో 58 ఏళ్ళు నిండి బయటికి వచ్చినవాణ్ణి. చేరినప్పుడు మన కోట విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు నేను కుర్చీ కదలకుండానే జిల్లా మారాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అప్పుడూ కుర్చీ అదే. ఇలా కదలని మనిషి తీసిన ఫోటోలు ఎక్కడివై ఉంటాయో మీరే ఊహించుకోండి.

1974లో మా ఆఫీసు నుంచి బదిలీ మీద వెళుతున్న ఒక సహోద్యోగి దగ్గర సెకండ్‌హాండ్‌లో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా కొన్నాను. మీలో కొందరి ఇళ్ళలో అటక మీద ఇప్పటికీ పడి ఉంటుంది. నల్లటి డబ్బా. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతకు మించి తిప్పవలసినది పెద్దగా ఏమీ లేదు. రోలుకు 12 ఫోటోలు. రోలు కొని, కడిగించి, ప్రింట్లు వేయించేసరికి ఇంట్లో నాలుగైదు రోజుల కూరగాయల ఖర్చు అయిపోయేది. మా అమ్మ ఆ పెట్టెను చూసి, "ఏటిరా ఇది, బియ్యం కొన్నా నాలుగు రోజులు తిందుము" అన్నది. ఆవిడ అన్నది న్యాయమే గనుక నేను ఒక రోలును రెండేసి నెలలు వాడేవాణ్ణి.

మొదట్లో నేనూ అందరిలాగే చేశాను. కెమెరా చేతికొచ్చిందంటే ఎక్కడికైనా వెళ్ళాలి కదా అనుకున్నాను. మనకు అటువంటి చోట్లకు కొదవ లేదు. పుణ్యగిరి ధారలు, తాటిపూడి రిజర్వాయరు, ఘాటు రోడ్డెక్కితే అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు. కొత్తవలస కిరండోల్ లైను మీద ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బండ్లు. విజయనగరం వెళ్ళి పైడితల్లమ్మ సిరిమానోత్సవం కూడా తీశాను. ఆ ఫోటోలో సిరిమాను చివర పూజారి ఆవగింజంత ఉంటాడు, ముందున్నవాళ్ళ తలకాయలు మాత్రం గుమ్మడికాయలంత ఉంటాయి. బొర్రా గుహల్లో తీసినవైతే పన్నెండుకు పన్నెండూ నలుపే. అయిదారేళ్ళు ఇలా తిరిగి ఒకరోజు అన్నీ పరుచుకుని చూస్తే, అవి నేను తీసినట్టు లేవు. కిరాణా కొట్టువాళ్ళు ఉగాదికి పంచే క్యాలెండరు బొమ్మలు, వాటికంటె కొంచెం మసకగా. అంతే.

నా దృష్టి మారినది ఆఫీసులో. 1983 ప్రాంతంలో కాశీపట్నం వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ ఫ్యామిలీ పెన్షను కోసం వచ్చింది. భర్త బడిపంతులు, పోయి రెండు నెలలైంది. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. నేను పి.పి.ఓ. పుస్తకం తెరిచి, అందులో అంటించిన జాయింటు ఫోటోతో ఆవిడ ముఖం సరిచూసుకుంటున్నాను. అది మన డ్యూటీ. ఆవిడ బల్ల మీదికి వంగి, "బాబూ, ఒక్కసారి ఇలా తిప్పుతావా, చూస్తాను" అంది. తిప్పాను. చాలాసేపు చూసింది. వెనక లైను పెరిగిపోతోంది. అప్పుడు చెప్పింది, మాస్టారికి ఉన్న ఫోటో ఇదొక్కటేనట. ఇంట్లో ఇంకేదీ లేదట. ముప్పయ్యేళ్ళు పిల్లల చేత గ్రూపు ఫోటోలు తీయించిన బడిపంతులు, తనకంటూ ఒకటి దాచుకోలేదు.

ఆఫీసు పుస్తకం గేటు దాటి బయటకు పోరాదు. మా అధికారి మంచి మనిషి. ఆయన అనుమతి తీసుకుని, బజారులోని స్టూడియో కుర్రాణ్ణి పిలిపించి, వరండాలో వెలుతురున్న చోట పుస్తకం తెరిచి పెట్టి ఆ ఫోటోకు కాపీ తీయించాము. తపాలా బిళ్ళ కంటె కొంచెం పెద్దదిగా ఉన్న ముఖాన్ని పెద్దది చేస్తే, మీసం ఎక్కడ ఆగిందో చెంప ఎక్కడ మొదలైందో తెలియకుండా వచ్చింది. ఆవిడ దానికే దండం పెట్టి తీసుకువెళ్ళింది.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి మా వాళ్ళ ఫోటోలు ఎన్ని ఉన్నాయని వెతికాను. తాటిపూడివి 14 ఉన్నాయి. మా అమ్మవి ఒకటి, అదీ మా అప్ప పెళ్ళిలో తీసిన గ్రూపులో మూడో వరసలో. మా ఆవిడవి పెళ్ళినాటివి రెండు. పిల్లలవి బడి గుర్తింపు కార్డు కోసం తీయించినవి.

అక్కడి నుంచి నేను కెమెరా పట్టుకుని గుమ్మం దాటలేదంటే అతిశయోక్తి కాదు. దాటినా, మా వీధి చివరి చుట్టింటి దాకా, మహా అయితే కళ్ళం దాకా.

ఇంట్లో తీయడం బొర్రా గుహల కంటె కష్టం. ఎందుకంటే కెమెరా కనబడగానే ఇంట్లోవాళ్ళు మాయమైపోయి, వాళ్ళ స్థానంలో అతిథులు వస్తారు. మా ఆవిడ కొంగు సర్దుకునేది. అమ్మ నిటారుగా కూర్చుని ఊపిరి బిగబట్టేది. పిల్లలు ప్రభుత్వ పాఠశాల తనిఖీకి నిలబడ్డట్టు నిలబడేవాళ్ళు. దీనికి నేను కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. కెమెరాను బీరువాలో పెట్టకుండా గూట్లో, దీపం పక్కన, రోజూ కనబడేలా వదిలేశాను. రెండు మూడు నెలలకు అది కూడా తిరగలిలా, చేటలా ఇంటి సామాను అయిపోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోవడం మానేశాక, నేను తీయడం మొదలుపెట్టాను.

రెండో ఇబ్బంది వెలుతురు. మన పాత ఇళ్ళకు చూరు కిందికి ఉంటుంది, లోపల పట్టపగలే చీకటి. క్లిక్ త్రీతో పని కాలేదు. పైగా దాదాపు పదడుగుల కంటె దగ్గరికి పోతే బొమ్మ మసకబారేది. పదడుగుల దూరం నుంచి మనిషిని చూస్తే ఆ మనిషి మనవాడెలా అవుతాడు? 1984లో ప్రావిడెంటు ఫండు అప్పు పెట్టి (కారణం కాలమ్‌లో ఏమి రాశానో ఇప్పుడు చెప్పను) పాత యాషికా ఎలక్ట్రో ఒకటి కొన్నాను. దానిలో వెలుతురు కొలిచే ఏర్పాటు ఉంది, మూడడుగుల దగ్గరికి కూడా పోవచ్చు, రోలుకు 36 ఫోటోలు. ఫిల్ము మాత్రం ఏది దొరికితే అది, ఊటీ హిందూస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు గాని, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో గాని. ఆ ఊటీ కర్మాగారమూ మూతపడింది, తూర్పు జర్మనీ దేశమే లేకుండా పోయింది. నెగెటివులు మాత్రం ఉన్నాయి.

మా ఇల్లు తూర్పు ముఖం. ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదింబావు వరకు వీధి గుమ్మం లోంచి ఎండ వంటింటి గడప దాకా పాకేది. పొయ్యి పొగ ఆ ఎండలోకి వచ్చినప్పుడు గాలికి ఒక రూపం వచ్చినట్టుండేది. ఆ ముప్పావుగంటలోనే నేను ఆఫీసుకు తయారు కావాలి. గడ్డం సగం గీసుకుని సబ్బు నురుగుతోనే కెమెరా పట్టుకున్న రోజులున్నాయి. ఆ వెలుతురులో తీసినవి కొన్ని చెబుతాను. పనసకాయ కోసేముందు నూనె రాసుకున్న మా ఆవిడ చేతులు. చోడి అంబలి గిన్నె నాకుతున్న మా రెండోవాడు. ముందు రోజు రాత్రి లెక్కలు చేస్తూ రూళ్ళ పుస్తకం మీద నిద్రపోయి, చెంప మీద పుస్తకం అంచు ముద్ర పడ్డ మా అమ్మాయి. గుమ్మంలో పాలచెంబు పెట్టి, చెల్లించని బాకీ వేళ్ళ మీద లెక్కపెడుతున్న పాలావిడ. ఆ ఫోటో చూసి పాలావిడ, "నా బాకీకి సాక్షీకం ఇదేను" అంది. నెలాఖరున తీర్చేశాను.

ఇది నా పిచ్చి ఒక్కడిదే అనుకునేవాణ్ణి. రిటైరయ్యాక గ్రంథాలయంలో పుస్తకాలు, మా మనవడి ఫోనులో బొమ్మలు చూశాక తెలిసింది, మహామహులు కూడా ఈ పని చేశారని. నన్ను వాళ్ళతో పోల్చుకోవడం లేదు, దయచేసి అలా అనుకోవద్దు.

మన తెలుగు నేల మీద ఫోటోగ్రఫీ అనగానే లాలా దీన్‌దయాళ్ గారు గుర్తుకొస్తారు. 1844లో పుట్టి 1905లో పోయారు. మనవాళ్ళంతా సంతోషించవలసిన సంగతి ఒకటుంది, ఆయన మొదట ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖ ఆఫీసులో ఎస్టిమేటు గుమాస్తా! సెలవు పెట్టి ఫోటోలు తీసి, చివరికి ఉద్యోగమే వదిలేసి, హైదరాబాదు ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యారు. రాజప్రాసాదాలు, వేటలు, దర్బారులు తీశారు. వాటిని చూసి ఆశ్చర్యపోతాను గాని నాకు మనసుకు పట్టినది వేరు. 1892లో ఆయన హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటో తీసేది కూడా స్త్రీయే. అంతఃపురంలోని ఆడవాళ్ళకు కూడా తమ ముఖం ఒకటి మిగలాలని ఉండదా? అది గుర్తించాడే, అందుకు ఆయనకు నమస్కారం.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావు సింగ్ గారు తన భార్యనూ కూతుళ్ళనూ తననూ దశాబ్దాల పాటు ఇంట్లోనే ఫోటోలు తీశారు. ప్రేగ్ నగరంలో జోసెఫ్ సుదెక్ అని ఒకాయన, మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోయింది. జర్మనులు ఊరిని ఆక్రమించుకున్న రోజుల్లో, 1940 నుంచి, తన స్టూడియో కిటికీనే తీయడం మొదలుపెట్టాడు. మంచు పట్టిన అద్దం, అవతల ఒక వంకర చెట్టు, కిటికీ అరుగు మీద ఒక గ్లాసు. ఏళ్ళ తరబడి అదే కిటికీ. నా కుర్చీలాగ.

అందరిలోకీ నాకు దగ్గరైనవాడు ఆంద్రె కెర్తెష్. హంగేరీవాడు, 1936లో న్యూయార్కు వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. 1977లో భార్య ఎలిజబెత్ పోయింది. అప్పటికి ఆయన వయసు 83. దుఃఖంతో ఇల్లు కదలని ఆ మనిషికి ఒక పోలరాయిడ్ కెమెరా చేతికొచ్చింది, తీయగానే ఫోటో బయటకు వచ్చే రకం. ఒక దుకాణంలో చిన్న గాజు బొమ్మ కనబడింది. దాని మెడా భుజమూ భార్యను గుర్తుకు తెచ్చాయట. తెచ్చి, పన్నెండో అంతస్తులోని తన కిటికీ దగ్గర పెట్టి, పొద్దున్నా సాయంత్రమూ వెలుతురు మారినప్పుడల్లా తీశాడు. ఆ ఫోటోలు 1981లో పుస్తకంగా వచ్చాయి, భార్యకు అంకితం. ప్రపంచమంతా తిరిగినవాడు చివరికి తీసినది కిటికీ, గాజు బొమ్మ.

మనవాళ్ళలో వరంగల్లు భరత్ భూషణ్ గారిని చెప్పాలి. 2022 జనవరిలో పోయారు. పత్రికలకు పనిచేసి కూడా, ఆయన మనసంతా తన తెలంగాణ పల్లెల మీదే. బతుకమ్మ పేర్చే ఆడవాళ్ళు, పాత ఇళ్ళు, గోడలు. ఎవరి ఇంటి వాకిలి వాళ్ళకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఆ వాకిళ్ళను ఆయన బంధువులా చూశారు, అందుకే ఆ ఫోటోల్లోని మనుషులు కెమెరాకు బెదరలేదు.

ఇక్కడ మన సభ్యులకు ఒక మాట. మనందరికీ భార్యాభర్తలుగా పెళ్ళి తరవాత తీయించుకున్న ఫోటో ఏదంటే, చాలామందికి పెన్షను ప్రతిపాదనల కోసం తీయించుకున్న జాయింటు ఫోటోనే. నేను లెక్కలేనన్ని పి.పి.ఓ.లలో చూశాను. అందరిదీ ఒకటే భంగిమ, ఇద్దరి మధ్య అంగుళం ఖాళీ, ఇద్దరి ముఖాల్లోనూ ఎవరో ఆడిట్ అభ్యంతరం చదువుతున్నట్టు భయం. 2007లో మా వంతు వచ్చింది. స్టూడియోలో కుర్రాడు నన్ను "సార్, నవ్వండి" అన్నాడు. మా ఆవిడ నాకేసి తిరిగి, "ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ఫోటోలు తీసినవాడివి, నువ్వున్న ఫోటో ఒక్కటైనా ఉందా?" అంది. నిజమే. నేను తీసిన ఏ ఫోటోలోనూ నేను లేను. ఆవిడ మాటకు నాకు నవ్వొచ్చింది, ఆవిడకూ వచ్చింది, కుర్రాడు నొక్కేశాడు. మా పి.పి.ఓ.లో మేమిద్దరం పళ్ళు కనబడేలా నవ్వుతూ ఉంటాము. ఇది నిబంధనలకు విరుద్ధమేమోనని నా తరవాత ఆ సీటులోకి వచ్చినాయన కొంచెం సంకోచించాడు.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు. చెప్పాలా వద్దా అని నిన్న రాత్రి కూడా అనుకున్నాను.

1988 వర్షాకాలంలో మా అమ్మ మంచం పట్టింది. వసారాలో నులక మంచం మీద ఉండేది. మనిషి సగమైపోయింది. ఒకరోజు సాయంత్రం వాన వెలిసి పల్చటి వెలుతురు వచ్చింది. అమ్మ గంజి గ్లాసు కోసం చెయ్యి చాపింది. జుట్టు విడిపోయి ఉంది, నోట పళ్ళు లేవు, చేతి మీద నరాలన్నీ తాళ్ళలా ఉన్నాయి. నేను గ్లాసు అందించకముందు ఫోటో తీశాను. ఒక్క క్షణమే. కాని ముందు ఫోటో, తరవాత గ్లాసు. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. తాగేసి కళ్ళు మూసుకుంది.

బొబ్బిలి నుంచి వచ్చి ఉన్న మా అప్ప గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. లోపలికి పిలిచి, "ఏటిరా నువ్వు చేసింది? అమ్మని ఇలాగ చూడ్డం చాల్లేదేటి, నలుగురికీ చూపించుకుంటావేటి?" అంది. ఆవిడ ఏడుస్తోంది. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆ ఫోటో ప్రింటు వేయించనని ఒట్టు పెట్టాను. పదిహేను రోజులకు అమ్మ పోయింది.

పన్నెండో రోజుకు గోడ మీదికి ఫోటో కావాలి కదా. అప్ప పెళ్ళి గ్రూపులోని మూడో వరస ముఖాన్ని స్టూడియోవాళ్ళు పెద్దది చేసి, మెరుగులు దిద్ది ఇచ్చారు. కళ్ళకు కాటుక, మా అమ్మకు ఎన్నడూ లేని జరీ అంచు చీర, మెడలో ఒక గొలుసు. వయసు నలభై ఉంటుంది. దండ వేసి దండం పెట్టాము. మా పిల్లలు "ఈవిడ ఎవరు?" అని అడిగారు. ఆ ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. నేను దానికి దండం పెడతాను గాని, దానితో మాట్లాడలేను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మన కోటలో చెట్లు పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా ఇంటి పెంకులు లేచిపోయి, అటక మీది ట్రంకు పెట్టెలో నీళ్ళు నిండాయి. ముప్పయ్యేళ్ళ నెగెటివులు ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టలా తయారయ్యాయి. పనసకాయ చేతులు, రూళ్ళ పుస్తకం, పాలావిడ, చాలావరకు పోయాయి. ప్రింట్లు వేయించినవి మాత్రమే మిగిలాయి. అమ్మ నెగెటివు ఒక్కటి మాత్రం చెక్కు చెదరలేదు. దాన్ని నేను ఎవరి కంటా పడకూడదని, బీరువాలో పాత జీవితబీమా డైరీ మధ్య బటరు పేపరులో చుట్టి దాచాను. దాచినందువల్ల బతికింది.

మొన్న సంక్రాంతికి అప్ప వచ్చింది. వయసు 83. తనే ఇప్పుడు అమ్మలా ఉంది. భోగి నాటి సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉన్నట్టుండి, "అమ్మ మంచం మీదున్నప్పుడు తీసేవు కదరా, అదుందేటి?" అని అడిగింది. నేను వెంటనే ఉందనలేదు. ఒట్టు పెట్టించినది ఆవిడే. "ఎందుకప్పా?" అన్నాను. "గోడ మీది ఆవిడెవరో నాకు తెలీదురా" అంది.

నెగెటివు నుంచి ప్రింటు వేసేవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళో లేరు. మా మనవడు తన తల్లి ఫోనులో తెల్లటి తెర పెట్టి, దాని మీద నెగెటివు ఉంచి, తన ఫోనుతో ఫోటో తీసి, నలుపును తెలుపుగా తెలుపును నలుపుగా మార్చాడు. అయిదు నిమిషాల పని. బజారులో ప్రింటు వేయించుకొచ్చాడు. ముప్పయ్యారేళ్ళకు పైగా చూడని ముఖం. నాకు చెయ్యి వణికి, నేను చూడకుండానే అప్ప చేతికిచ్చాను.

అప్ప కళ్ళద్దాలు తుడుచుకుని, దగ్గరగా పెట్టుకుని చూసింది. నేను తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చున్నాను. ఆవిడ వేలు అమ్మ ముఖం మీద కాదు, చాపిన చెయ్యి పక్కన ఆగింది. "ఈ గళాసు నేనిచ్చిందేరా. పైడితల్లి తీర్థంలో కొన్నాను. అందులోనే తాగుతాననేది" అంది.

ఫోటోను చీర కొంగులో చుట్టుకుని బొబ్బిలి తీసుకువెళ్ళిపోయింది. గోడకు పెట్టలేదని మా మేనకోడలు చెప్పింది. తలగడ కింద ఉంటుందట.

భోజనాల పిలుపు వచ్చింది. యాషికాలో ఫిల్ము లేదు గాని మా మనవడు తన ఫోను తెచ్చాడు. జంటగా వచ్చినవాళ్ళు వెళ్ళేముందు వరండాలో వెలుతురున్న వైపు ఒకసారి కూర్చోండి. నవ్వమని అడగను. సెలవు.